యాభై ఏళ్లకు తొలి కుర్తా

ఈ రోజు జీవితంలో మొదటిసారి కుర్తా తొడుక్కున్నాను. వచ్చే వారం కేదారనాథ్ యాత్ర. గుర్రమెక్కి కొండకు వెళ్లాలి కాబట్టి చీర పనికిరాదని మా ఆడపడుచు తేల్చింది. నా భారీ ఒంటికి నప్పేదేదో కూడా తనే చెప్పింది. ముదురు రంగు గుడ్డతో, మోకాళ్లు దాటేలా, కుచ్చుల్లేకుండా నిలువుగా కుట్టిస్తే సగమైపోతానట. ఇన్నేళ్ల ఏకాదశి ఉపవాసాలు చేయలేని పని మా ఊరి గోల్‌బజార్ దర్జీ చేస్తాడన్నమాట!

ముదురు రంగే కదా అని, మావారికి రైల్వే వర్క్‌షాప్‌లో యూనిఫాం కోసం ఇచ్చిన నీలం గుడ్డ పెట్టెలో మిగిలి ఉంటే అదే కుట్టించాను.

సాయంత్రం అది వేసుకుని వరండాలోకి వచ్చాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మావారు సైకిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏటే, రేపట్నుంచి నా డూటీకి నువ్వెల్తావేటి?"

"సన్నగా కనబడతన్నానా నేదా, అది సెప్పండి."

"సన్నగానే ఉన్నావు. మా బెంగాలీ ఫోర్‌మన్ దాదా సూస్తే హాజరేసేస్తాడు."

ఆడపడుచు మాత్రం రంగు అద్భుతంగా నప్పిందని మురిసిపోతోంది.

సరే, అదే వేసుకుని కొండెక్కుతాను. నా కొలతలు దేవుడికి ముందే తెలుసు. గుర్రానికి నేనెక్కగానే తెలిసిపోతాయి. ఇక ఈ సన్నదనమంతా ఎవరి కోసమో మీరే చెప్పండి.