గట్టు అవతలి కంప

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మనిషి పేరు పలకకూడదు. ఆయన మా పక్క చేని ఆసామి. చెప్పక తప్పనప్పుడు గట్టవతలాయన అనేవాళ్ళం, అది కూడా మా తాత ఇంట్లో లేని వేళ చూసుకుని. ఇప్పుడు నాకే మనవరాళ్ళున్నారు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ పేరు నా నోటికి రాదు. రానివ్వను కూడా.

మాది ఆస్పరికీ ఆదోనికీ నడుమ ఒక చిన్న ఊరు. వాన పడితే పంట, లేకపోతే కూలి. మా చేనికి పోవాలంటే గట్టవతలాయన చేని అంచున ఉన్న బండిబాట తప్ప వేరే దారి లేదు. మా తాత తండ్రి కాలం నుంచి మా ఎద్దులు దాని మీదే నడిచాయి. ఒక ఏడు సరిగ్గా విత్తే అదునులో ఆయన ఆ బాటకు అడ్డంగా సర్కారు తుమ్మ నరికి పడేయించాడు. మా వైపు దాన్ని కంప అంటారు. మా తాత కొమ్మలన్నీ పక్కకు లాగి ఎద్దులను దాటించాడు గానీ, మట్టిలో దాగిన ముల్లొకటి ఎర్రెద్దు గిట్టల సందున దిగి లోపలే విరిగింది. చీము పట్టింది. పసుపు నూరి పెట్టాం, వేపాకు కట్టాం, ఆదోని పోయి మందు తెచ్చాం. ఏదీ పని చేయలేదు. ఎద్దు పడుకున్న చోటి నుంచి మళ్ళీ లేవలేదు.

జత ఎద్దు లేకుండా మడక, అంటే నాగలి, కట్టలేరు. అదునులో తన ఎద్దును ఎవరూ అరువివ్వరు. వాన పడింది, ఊరంతా విత్తారు, మా చేను మాత్రం బీడుగా ఉండిపోయింది. ఆ ఏడు మేము తిన్న జొన్న సంకటి పరుల చేలో మా అమ్మ చేసిన కూలి.

రచ్చకట్ట దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. గట్టవతలాయన కాలు మీద కాలేసుకుని, “కంప నేనేసినానా? గాలికొచ్చి పడింటాది. పోయి గాలిని పిల్చుకోని రాండప్పా, అడుగుదాం” అన్నాడు. అందరూ నవ్వారు. మా తాత ఆ నవ్వంతా విని, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఏటా దసరాకు కర్ర పట్టుకుని దేవరగట్టు కర్రల సమరానికి పోయే మనిషి ఒక్క మాటైనా అనకుండా వచ్చేశాడని ఊళ్ళో వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన గడ్డివామికి నిప్పు పెడదామని తాతకు నేనే సలహా ఇచ్చాను. తాత కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“వామి కాలితే ఒగ నెల ఏడుస్తాడు పాపా. ఆయప్ప బతికినన్నాళ్ళూ ఏడ్సాల” అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున మా తాత నన్ను వంక గట్టుకు తీసుకుపోయాడు. గడ్డి పోచ కూడా మిగలని ఆ ఎండలో కంపచెట్లు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. ముందు ఒక ఆకు తుంచి నమలమన్నాడు. చేదుకు ఉమ్మేశాను. తర్వాత పండిన కాయ ఒకటి ఇచ్చాడు. తియ్యగా ఉంది. అప్పుడు కింద పడి ఉన్న ఎండు మేక పెంటికను అరచేతిలో నలిపి, అందులోంచి ఒక గింజ తీసి కొరకమన్నాడు. ఛీ అన్నాను. నవ్వి, రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టాడు. గింజ చిట్లలేదు, ఎగిరి అవతల పడింది.

“ఆకు తింటే సెట్టు సస్తాది. అందుకే ఆకును సేదు సేసుకుండాది. కాయ తింటే సెట్టు ఊర్లు తిరుగుతాది. అందుకే కాయను తియ్యగ సేసుకుండాది. తినేటోళ్ళ కడుపే దానికి బండి. సూడు, కదలకుండా నిలబడే ఎంత పని సేస్తాండాదో.”

చెట్టు కూర్చుని ఆలోచించి ఇదంతా చేసుకోలేదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మా అబ్బాయి బడి పాఠం పైకి చదువుకుంటుంటే విన్నాను. చేదు తక్కువైన మొక్కలు పశువుల నోట పడి పోయాయట. చేదెక్కినవి మిగిలి, వాటి పిల్లలకు పిల్లలు పుట్టి, చివరికి ఆ చేదే జాతి గుణమయిందట. ఆ లెక్కన మా తాత చెప్పిన దాంట్లో కొంత తప్పుంది. కానీ ఆ రోజు ఆయనకు కావలసింది పాఠం కాదు, ఆయుధం.

మా వైపు ఎండాకాలంలో చేలో మంద కట్టిస్తారు. కాపరులు గొర్రెలనూ మేకలనూ రాత్రిళ్ళు ఒక రైతు చేలో నిలిపితే, వాటి పెంటా మూత్రమూ ఆ నేలకు ఎరువవుతాయి. దానికి కాపరులకు గింజలు కొలుస్తారు. ఆ ఏడు మంద కట్టించుకున్నది గట్టవతలాయన. పగలు మంద వంక వెంట మేసేది. మా తాతా నేనూ గంపలకు గంపలు కంపకాయలు ఏరి, మంద తిరిగి వచ్చే దారిలో కుప్పలు పోసేవాళ్ళం. మేత లేక అల్లాడుతున్న కాపరి మా తాతకు దండం పెట్టాడు. జీవాలు ఆ కాయలు కరకరా నమిలి, తిన్నగా పోయి గట్టవతలాయన చేలో పడుకునేవి. మంద అక్కడున్నన్నాళ్ళూ మేము కాయలేరడం మానలేదు. ఆయన పొద్దున్నే గట్టు మీద నిలబడి, ఈసారి పెంట ఎంత చిక్కగా పడిందో వచ్చే పోయేవాళ్ళకు చూపించి మురిసిపోయేవాడు. నేను మా తాత పంచె చాటున నోరు మూసుకుని నవ్వేదాన్ని. అంత తియ్యని నవ్వు మళ్ళీ నా జన్మలో నవ్వలేదు.

తొలకరి ఒక్కటి పడి వాన మొహం చాటేసింది. ఆయన చేను నిండా కంప మొలకలు లేచాయి. వాన పడి ఉంటే మడకతో దున్ని అణిచేసేవాడే. ఎండిన నేలలో మడక దిగదు. ఆ కరువుకు ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఆయన కూడా పిల్లాజెల్లాతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనులకు, వలస పోయాడు. ఆయన తిరిగి వచ్చేసరికి మొలకలు వేళ్ళు లోతుకు దించుకున్నాయి. నరికించాడు. నరికిన చోటల్లా గుంపులు గుంపులుగా చిగురించింది. మళ్ళీ నరికించాడు, ఇంకా ఒత్తుగా వచ్చింది. ఆయన గట్టు మీద తల పట్టుకుని కూర్చోవడం నా కళ్ళతో చూశాను. ఆ పూట మా తాత చలువ పంచె కట్టుకుని, పని లేకపోయినా ఆ బాటన అటొకసారి ఇటొకసారి నడిచాడు. పలకరించడానికి కూడా ఆగాడు. ఈ కంపంతా గాలికొచ్చి పడిందా అని అడిగాడు. ఇంటికొచ్చి మా అవ్వతో చెప్పి, ఆ ఏడు మొదటిసారి కడుపు నిండా తిన్నాడు.

కథ అక్కడ ముగిసి ఉంటే నాకూ బాగుండేది.

గట్టవతలాయన ఏడుస్తూ కూర్చోలేదు. చిప్పగిరి వైపు ఎవరో కంప కాల్చి బొగ్గులు చేస్తారని విని, పోయి చూసి నేర్చుకుని వచ్చాడు. గుంత తవ్వి, కట్టె పేర్చి, మట్టి కప్పి కాల్చడం మొదలుపెట్టాడు. నరికేకొద్దీ వచ్చే చెట్టు, నీళ్ళడగని చెట్టు. కరువొచ్చినా ఆయన ఇంట పొయ్యి ఆరలేదు. బొగ్గు మూటలతో ఆయన బండి ఆదోనికి పోతుంటే, మా నాయన కొత్తగా తెచ్చిన ఎద్దులు పక్కకు జరిగి దారి ఇచ్చేవి. మా తాత ముఖం ఆ బొగ్గు కన్నా నల్లబడేది.

ఆయన చేలోని కంప కాపుకొచ్చాక ఊరి మేకలన్నీ అక్కడే మేసి మా చేని మీదుగా ఇంటికి మళ్ళేవి. ఒక తొలకరికి మా బుడ్డల, అంటే వేరుశనగ, చేలో సాళ్ళ నడుమ కంప మొలకలు కనిపించాయి. అది మొదలు మా తాత బతుకంతా వాటిని పీకడంతోనే సరిపోయింది. కొన్ని పీకితే వచ్చేవి, కొన్ని మొదట్లో తెగి మళ్ళీ మొలిచేవి. నడుము వంగిపోయాక కూడా గడ్డపార మానలేదు. నాకు పెళ్ళి కుదిరిన ఏడు, ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని రొప్పుతున్నాడు. గట్టవతలాయనను నాలుగు తిట్లు తిడితే తాతకు ఊరటగా ఉంటుందని నేను మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

“ఆ సెట్టుకు నా పగ తెల్దు, ఆయప్ప బాధా తెల్దు పాపా. మేక మోసుకుపోయినాది, నేనూ మోసుకుపోతిని. దానికి నేనూ ఒగ మేకనే.”

గట్టవతలాయన గెలిచాడని చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. తాను గురి చూసి కొట్టాననుకున్నవాడు, చెట్టు తన కోపాన్ని కూడా కాయలాగే వాడుకుందని ఆ గట్టు మీద తెలుసుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న సిగ్గు నేను మరిచిపోలేను. ఆ తర్వాత రెండు పంటలైనా చూడలేదు.

మా తాత చేను ఇప్పుడు నాది. తొలకరి పడిన మర్నాడు, నేల మెత్తగా ఉండగానే పోతాను. మొలక రెండాకుల మీద ఉన్నప్పుడు రెండు వేళ్ళతో లాగితే వేరుతో సహా వస్తుంది. ఆలస్యమైతే గడ్డపార కావాలి, ఇంకా ఆలస్యమైతే గడ్డపారకూ లొంగదు. మా చేను అయ్యాక గట్టు దాటి, ఇప్పుడు కంప తీసేసి పంట పెడుతున్న అవతలి చేలో కూడా పీకుతాను; అక్కడ మిగిలింది మేకల కడుపులో మళ్ళీ ఇటే వస్తుంది. ఎవరి మీదైనా మనసు మండినప్పుడూ అంతే, ఏదైనా చేసేముందు ఒక్క క్షణం ఆగి, ఈ కోపం వల్ల నిజంగా ఎవరికి లాభమో చూసుకుంటాను. చూసుకున్నాక కూడా ఊరుకోని సందర్భాలున్నాయి. అబద్ధం చెప్పను.

మొన్నటి తొలకరికి గట్టవతలాయన మనవడి పెళ్ళాం చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, “మా సేన్లో గూడా పీకుతాండావే పెద్దమ్మా, ఎంత మంచి మనసు నీది” అంది. నీళ్ళు తాగి చెంబు ఇచ్చేశాను. మంచి మనసూ లేదు, క్షమించడమూ లేదు. ఆ మనిషి మీద నా కోపం ఈ రోజుకీ పచ్చిగానే ఉంది. అది నాది. కంప పనికీ, ఇంకెవరి పనికీ దాన్ని వాడుకోనివ్వను.