లక్షా అరవై వేల నాలుగు వందల పేకలు

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను హిందూపురం నుంచి ధర్మవరానికి చేనేత సాంకేతిక పర్యవేక్షకుడిగా బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గరపడింది. మగ్గం ఇక నాకు కొత్తగా నేర్పేదేమీ లేదన్న ధీమాతోనే చేరాను.

మొదటి ఫిర్యాదు ఓబులేసు అనే నేతగాడి మీద. అతను నేసిన పెళ్ళిచీరను పెనుకొండవాళ్ళు తిప్పి పంపారు. మొదట్లో అంచు నెమలికి సూటిగా ఉన్న బుటా, కొంగు దగ్గరికొచ్చేసరికి అర అంగుళం వెనక్కి జరిగింది. చిల్లుల అట్టల దండతో మగ్గం మీద డిజైను నడిపే జకార్డు పెట్టెలు అంచుకొకటి, బుటాలకొకటి ఉంటాయి. పేక, అంటే అడ్డపోగు, పడిన ప్రతిసారీ రెండింటిలోనూ ఒక్కో అట్ట తిరగాలి. ఓబులేసు ఒకదాన్ని కాలితో తొక్కడం మరుస్తున్నాడని పట్టు ఇచ్చే షావుకారు తేల్చేశాడు. "ఈయప్పకు వయసైపోయింది సార్. ధ్యాస యాడుండాది?"

చీర పరిచి కొలిచాను. ఒక్కో వరసకూ జరుగుడు సమానంగా పెరుగుతూ వచ్చింది. మతిమరుపు అంత క్రమం తప్పకుండా రాదు. అట్టలు లెక్కపెట్టించాను. బుటాలవి నాలుగు వందలు, అంచువి నాలుగు వందల ఒకటి. చిరిగిన అట్టను పారేయ మనసొప్పక అతుకు వేసి ఉంచారు, పక్కనే దాని నకలూ కుట్టేశారు. ఒకే పేక రెండుసార్లు పడితే కంటికి ఆనదు.

నాలుగు వందల ఒకటి ప్రధాన సంఖ్య, నాలుగు వందలతో దానికి ఉమ్మడి కారణాంకం లేదు. రెండు అట్టల వరసలూ మళ్ళీ మొదటి అట్ట దగ్గర కలవాలంటే రెంటినీ గుణించినన్ని, అంటే లక్షా అరవై వేల నాలుగు వందల పేకలు పడాలి. చీరకు పట్టేవి పదహారు వేలు. పది చీరలు నేసినా కలవవు, ఒక పడుగుకు వచ్చేవేమో మూడు చీరలే. పది అట్టలు ఎక్కువై ఉంటే పదహారు వేల నాలుగు వందలకే కలిసేవి. ఒక్కటి ఎక్కువైనందుకు ఇంత దూరమా! నమ్మలేక లెక్క మళ్ళీ చేశాను. అదే వచ్చింది.

విషయం ఓబులేసుకు చెప్పాను.

"కాలూ మతీ రెండూ పాయ అనుకుంటి సార్. పొద్దున్నే మగ్గం అమ్ముతానని మాటిచ్చేస్తి."

షావుకారు మాట నేను నమ్మలేదు, ఓబులేసు నమ్మాడు. లెక్క కన్నా అదే నన్ను ఎక్కువ నివ్వెరపరచింది. అదనపు అట్ట తీసేశాం. మగ్గం బేరం వద్దని చెప్పడానికి అతను అప్పుడే బయలుదేరాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, నేతగాణ్ణి ఒక్క మాట అడిగే ముందు అట్టలు లెక్కపెట్టించాను.