తమ్ముడి ఉయ్యాలకు మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మా తమ్ముడు మాట మార్చేస్తాడు. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను, చదవక తప్పదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో మేం కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో కిరాయి ఇంట్లో దిగాం. తమ్ముడు పుట్టగానే అమ్మ జ్వరంతో మంచం పట్టింది. పక్కింటి అక్కది మెదక్, దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వస్తూనే వాణ్ణి ఎత్తుకుని డబ్బా పాలు పట్టేది. ముప్పై దాటినా పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాను.

"మనసుకు రాలే, చేస్కోలే. గిప్పుడు నాకేం తక్కువైందే?" అని నవ్వింది.

బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేయాల్సింది మేనత్త. నాన్నకు తోబుట్టువులు లేరు. వరసైనవాళ్ళను ఊరి నుంచి పిలిపిద్దామంది అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ. మా నాన్నమ్మ నాన్నను ఆబిడ్స్ పంపి ఆకుపచ్చ చీర ఒకటి తెప్పించింది. ఎవరికో చెప్పలేదు.

బారసాల రోజు పేరంటాళ్ళందరి ముందూ ఆ చీరను నాన్న చేతికిచ్చి, "అమ్మాయికి పెట్టు నాయనా" అని పక్కింటి అక్కను చూపించింది. నాన్న పెట్టాడు.

"నాకెందుకమ్మా గివన్నీ? అందరేమంటరో!" అంటూనే అక్క రెండు చేతులా అందుకుంది.

"పెళ్ళికాని పిల్ల చేత ఉయ్యాలేమిటి అత్తయ్యగారూ?" అంది పెద్దమ్మ.

"నా కొడుకు చీర పెట్టాడు. పుచ్చుకున్నది ఆడపడుచు కాక ఇంకెవరే?"

పెద్దమ్మ ఉయ్యాల దగ్గర నుంచి పక్కకు జరిగింది. అక్క వాణ్ణి ఉయ్యాలలో వేసింది. వాడు హాయిగా ఆవలించాడు.

ఆ తరువాత పండుగ పండుగకూ అక్కకు మా ఇంటి చీర అందింది. నేనూ పెళ్ళి చేసుకోలేదు. నా ఉద్యోగం, నా గది, సాయంత్రం అక్కతో కలిసి మొజంజాహీ మార్కెట్‌లో జామపళ్ళు బేరమాడటం. ఏ లోటూ లేదు. మనసుకు రాని పని చేయకుండా కూడా ఒక ఇంటి మనిషిగా బతకవచ్చని ఆ ఉయ్యాల దగ్గరే నేర్చుకున్నాను.

కానీ తమ్ముడికి కొడుకు పుట్టినప్పుడు, వాడి మేనత్తను నేనే. రక్తం పంచుకుని పుట్టినదాన్ని. పెళ్ళి కాలేదని నన్ను గోడవారగా కూర్చోబెట్టి, పెళ్ళైన ఓ దూరపు చెల్లెలి చేత బిడ్డను ఉయ్యాలలో వేయించారు. నాకు మాత్రం ఆడపడుచు లాంఛనమంటూ తమ్ముడు చీర పెట్టాడు. దాని మడత ఇప్పటికీ విప్పలేదు.

తమ్ముడూ, నిన్ను ఉయ్యాలలో వేసింది ఎవరో నీకు తెలుసు. నాకు చీర పెట్టిన చేతులతో బిడ్డను ఎందుకు అందించలేదో, ఇప్పుడైనా జవాబు చెప్పు.