డోన్ జట్టు, రాతి మైదానం

డోన్‌లో మా బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. ప్రతి వేసవిలోనూ పొద్దుటి బండికి కర్నూలు పోటీలకు వెళ్ళేవాళ్ళం, మొదటి ఆటలోనే ఓడి సాయంత్రం బండికి దిగబడేవాళ్ళం. స్టేషన్లో మూటలు మోసేవాళ్ళు మమ్మల్ని చూసి, "ఏమప్పా, అప్పుడే వస్తిరే? కర్నూలు మూసేసినారా?" అనేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా వాళ్ళతో ఏం వాదిస్తాను? నిజమే కదా.

నేను అదే స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తాని. ఓడితే నాకు పోయేది పరువొక్కటే. మా కెప్టెన్ సంగతి అలా కాదు. ఆయన ఇంజన్ల షెడ్డులో కలాసీ, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన ఎగిరి బంతి వేసే తీరు చూసి ముచ్చటపడి ఒక పై ఆఫీసరు ఉద్యోగం ఇచ్చాడు. కానీ అది టెంపరరీ. "కర్నూల్లో ఒక్క ఆట గెలిచి చూపించు, పర్మనెంట్ చేయిస్తాను" అని ఆఫీసరు మాట. ఆ ఒక్క ఆటా మాకు దక్కడం లేదు.

మొదటి ఏడు ఒకే ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం. అప్పుడు మేం ఆడుకునేది షెడ్డు వెనక గుంతలు పడిన మట్టి నేల మీద. ఆ సంగతి అన్న వాళ్ళ నాయన చెవిన పడింది. ఆయనది బేతంచెర్ల దగ్గర పల్లె. వాన మీద ఆధారపడిన సేద్యం. పొలం సగానికి పైగా నాపరాయి. జానెడు లోతు దున్నితే మడక కర్రు బండకు తగిలి ఖంగుమనేది. ఆయన మైదానం చూడడానికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"గుంతల్లో ఎగిరితే యాడ గెలుస్తారప్పా? నేను బండలు పంపిస్తా. రాయి మీద ఆడినోనికి మన్ను ఒక లెక్కా?"

మాకందరికీ అది వేదవాక్కులా వినిపించింది. కోతలు కాగానే ఎడ్లబండ్లు వచ్చాయి. ఆయనే దగ్గరుండి సగం మైదానానికి నల్లటి నాపబండలు పరిపించాడు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి! తాతల నాటి నుంచి ఆ ఇంటికి గింజ రాల్చని రాయి మొదటిసారి పనికొచ్చింది.

రెండో ఏడు ఇంకొంచెం గట్టిగా ఓడాం. రాహుకాలంలో బండెక్కామని ఒకరు, రెఫరీకి కళ్ళు కనపడవని ఒకరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తలా ఒక సాకు. పెద్దాయన మాత్రం, "సగం పరిస్తే సగమే ఆడినారు" అని మిగతా సగం కూడా పరిపించాడు. మూడో ఏడు అందరం కలిసి మంత్రాలయం వెళ్ళి, తుంగభద్రలో మునిగి, ప్రదక్షిణలు చేసి మరీ కర్నూల్లో దిగాం. అంతకు ముందుకంటే ఘోరంగా ఓడాం. స్వామి మాత్రం ఎంతని మోస్తాడు పాపం? పెద్దాయన ఈసారి బండల సందుల్లో గచ్చు పోయించి, అద్దంలా నున్నగా చేయించాడు. వచ్చినప్పుడల్లా భుజం మీది తుండుతో ఆ బండలు తుడిచి, అంచున కూర్చుని మా ఆట చూసేవాడు.

ఆ మరుసటి వేసవికి కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఉంది. ఊరంతా గుడారాలు, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు. వాళ్ళకు సాయంత్రాలు పొద్దుపోక పోటీలకు జనం విరగబడ్డారు. అంత జనం ముందు మేం ఎలా ఓడామంటే, చివర్లో మేం ఒక్క బుట్ట వేస్తే జాలిపడి చప్పట్లు కొట్టారు. గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆ జనంలోనే మా ఆఫీసరు కూడా ఉన్నాడు. ఆట అయ్యాక అన్నని పక్కకు పిలిచాడు. షెడ్డులో మనుషుల్ని తగ్గించమంటున్నారనీ, వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే తానేమీ చేయలేననీ చెప్పాడు. తిరుగు బండిలో అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

చలికాలంలో ఒకరోజు, మమ్మల్ని అంతగా బాదిన ఆ కర్నూలు జట్టే ఎక్కడికో పోతూ బండి మారడానికి డోన్‌లో ఆగింది. పొద్దుపోవడానికి మాతో ఒక ఆట ఆడారు. మా బండల మీద వాళ్ళను చిత్తుగా ఓడించాం! ఊళ్ళో వాళ్ళు ఈలలు వేశారు. నాకు మాత్రం మండిపోయింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఎందుకిలా?

మర్నాడు తెల్లవారి ఒంటరిగా బంతి కొడుతూ నా చేతుల్నే చూసుకున్నాను. రాయి మీద బంతి మెత్తగా తట్టినా తనంతట తాను రొమ్ముదాకా లేస్తోంది. నా చెయ్యి అక్కడే కాచుకుని ఉంది. కర్నూల్లో ఎర్రమన్ను పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టిన నేల. అక్కడ బంతి మోకాలు దాటదు. మా చేతులేమో రొమ్ము దగ్గర ఎదురుచూస్తుంటాయి, కింద వాళ్ళు ఎత్తుకుపోతారు. నాయన మైదానం బాగుచేసిన కొద్దీ మేం చెడిపోయాం!

పరుగెత్తుకుంటూ షెడ్డుకు పోయి అన్నకు చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నిదానంగా అన్నాడు:

"నాకు తెల్సు లేప్పా. మంత్రాలయం పోయొచ్చి ఓడినప్పుడే తెల్సు."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"ఆ రాయి చూసినప్పుడల్లా మా నాయన మొగం ఎట్లుంటాదో చూస్తివి కదా. ఉద్యోగం పోతే పోనీ. ఆ మాట నేను చెప్పలేను. నువ్వూ చెప్పొద్దు."

నాకు ఒళ్ళు మండింది. చెప్పొద్దన్నాడు కాబట్టే ఆ ఆదివారం వాళ్ళ పల్లెకు పోయాను. పెద్దాయన చేను గట్టు మీద ఉన్నాడు. బతిమాలే ధోరణి నాకు రాదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొడుకు ఉద్యోగం సంగతి కూడా చెప్పాను. అంతదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు, కొడుకుది ఖాయమైన ఉద్యోగమే అనుకుంటున్నాడు. కొడుక్కి ముందే తెలుసన్న ఒక్క ముక్క మాత్రం నా గొంతు దాటలేదు.

ఆయన వంగి గట్టు మీది రాతిముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ రాయి మా తాతకు కూడు పెట్టలేదు, మా నాయనకు పెట్టలేదు. నా కొడుకు కాళ్ళ కిందన్నా పనికొచ్చెనే అనుకుంటి" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చానా అనిపించింది. అంతలో ఆయనే, "సరే పా. పరిచినోడే పీకల్ల" అని లేచాడు.

ఎడ్లబండ్లు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఖాళీగా. మొదటి బండ కింద గడ్డపార దూర్చింది ఆయనే. అన్న షెడ్డు నుంచి వచ్చి చూసి, నన్ను ఒక్క చూపు చూసి, బండ రెండో కొస పట్టుకున్నాడు. తర్వాత మన్ను తోలి, నీళ్ళు చల్లి, మేమే దిమ్మిస కొట్టాం. చేతులు కిందికి దించడం నేర్చుకోవడానికి మాకు మిగిలిన చలికాలమంతా పట్టింది. నడుములు విరిగాయి.

వేసవిలో పెద్దాయన కూడా మాతో కర్నూలు వచ్చాడు. ఆట మొదలైన కాసేపటికే నాకు అర్థమైంది, బంతి మా చేతుల్లోనే ఉంటోంది. అయినా చివరిదాకా నువ్వా నేనా అన్నట్టే నడిచింది. ఆఖర్న అన్న మోకాలి ఎత్తున బంతి అందుకుని, ఇద్దరి మధ్య నుంచి దూరి ఎగిరి వేశాడు. ఈల మోగింది. గెలిచాం! నేను అరిచిన అరుపుకు నా గొంతు రెండు రోజులు రాలేదు.

ఆఫీసరు వచ్చి అన్న భుజం తట్టి, "ఇక నీ కాగితాలు నేను చూసుకుంటాను" అన్నాడు. పెద్దాయన జనాన్ని తోసుకుని వచ్చాడు. ఆయనకు ఆట లెక్కలు తెలియవు.

"గెలిస్తిమా?"

"గెలిస్తిమి నాయనా."

"ఉద్యోగం ఉంటాదా?"

"ఉంటాది."

పెద్దాయన కళ్ళు ఒత్తుకున్నాడు. "ఈ పిల్లోడు వచ్చి చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. నీకెప్పుడు తెలిసెరా, ఆ రాయి నీకు అడ్డమని?"

అన్నకు అబద్ధం చేతకాదు. తల వంచుకుని, "రెండేండ్లయితాది నాయనా" అన్నాడు.

ఆయన కొట్టడానికన్నట్టు చెయ్యెత్తాడు. అది దించలేక అలాగే నిలబడిపోయాడు.

"అంత సేద్యం చేసి రాయి తగిల్తే, రాయిని తీసేస్తాం గానీ పైరును పీకేస్తామారా?" అన్నాడు. ఆ తర్వాత ఆ జనంలోనే కొడుకును పట్టుకుని ఏడ్చాడు.