మూగ తలుపుకు కిర్రు

కొత్త ఇంటి తలుపు చప్పుడు చేయకపోవడమే నా ప్రయాణానికి కారణం. జగిత్యాలలో పాత ఇల్లు కూల్చి కట్టుకున్న ఇల్లు అది. ఆటో నడిపే మా అన్న సవ్వడి లేకుండా లోపలికి వచ్చిన ప్రతిసారీ అమ్మ ఉలిక్కిపడుతుంది. అందుకే పొయ్యి ఆర్పి, అతడు వచ్చేదాకా గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మా ప్రాంతంలో తలుపు బందులకు కిర్రు పెట్టే పనివారు ఉన్నారు. ఇంటింటికీ వేరే కిర్రు. చప్పుడు లేనిదాన్ని వారు ‘మూగ తలుపు’ అంటారు.

ఒక బందు ఊడదీసి, ఉదయం ఎనిమిదింటికి కోరుట్ల బస్సెక్కాను. మహిళలకు జీరో టికెట్. ఆధార్ కార్డు వెంట ఉండాలి. బందును చూసి పక్కసీటు పెద్దమ్మ, "నూనె వోస్తే పాయె గద బిడ్డా!" అన్నది. కిర్రు పోగొట్టడానికి కాదు, పెట్టించడానికి అన్నాను. ఆమె కిటికీ వైపు జరిగింది.

కోరుట్లలో కిర్రుపని దుకాణానికి తాళం ఉన్నది. "ఖాదర్ సాబ్ సిరిసిల్లల బిడ్డ దగ్గర ఉంటుండు," అన్నాడు పక్కనున్న టైలర్. ఇడ్లీ తిని, వేములవాడ మీదుగా ఒంటిగంటకు సిరిసిల్ల చేరాను.

మరమగ్గాల మోత నడుమ, ఒక వరండాలో ఖాదర్ సాబ్ కూర్చుని ఉన్నారు. పక్కన ఉప్పునీళ్ల బకెట్లో బందులు తుప్పు పట్టేందుకు నానుతున్నాయి. దీన్ని ‘ఉప్పు నిద్ర’ అంటారట. మా పాత ఇంటి తలుపు కిర్రే కావాలన్నాను. అది ఎట్లుండేదని అడిగితే చెప్పలేకపోయాను.

"వచ్చేటోళ్లకు యాదుండది బిడ్డా. ఇంట్ల కూసున్నోళ్లకే ఉంటది. అమ్మకు ఫోన్ కొట్టు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగితే అమ్మ కోప్పడింది. "నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా? వాకిట్ల మంది ఉన్నరు." తరువాత గొంతు తగ్గించి, "కిర్ర్ర్... ర్ర్... క్కి," అన్నది.

ఖాదర్ సాబ్ ఒక చెవి మూసుకున్నారు. "లేపు చిన్నది, సాగు పొడుగు, ఆఖర్ల ఎక్కిలి. గిది అల్లుని కిర్రు! మల్లొక్కసారి అను అక్కా, మగ్గాలు మింగినయ్."

అల్లుని కిర్రు అంటే మెల్లగా లేచి, పొడుగ్గా సాగి, చివర వెక్కిలి లాగా సిగ్గుపడుతూ ముగిసేది. ఆయన ఆకురాయితో చీలను గీకి, బందును పళ్లకు ఆనించి తిప్పి చూశారు. పని నాలుగింటికి ముగిసింది. కూలి మూడు వందలు.

తిరుగు బస్సులో గుంత వచ్చినప్పుడల్లా సంచి ఎక్కిలి పెట్టింది. "సంచిల పిల్లి ఉన్నదా మేడం?" అని వెనుక సీటాయన అడిగారు.

ఇంటికి చేరి, స్క్రూలు నేనే బిగించాను. అమ్మ ఒకసారి తలుపు తీసి, వేసి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. కాసేపటికి తలుపు కిర్రుమన్నది.

"అచ్చినవారా? కాళ్లు కడుక్కో," అన్నది అమ్మ, పొయ్యి దగ్గరి నుంచి తిరగకుండానే.

"తలుపు ఖరాబైనట్టుందే," అన్నాడు అన్న.

"గిప్పుడే మంచిగైంది."