ఎదురుమాట మునిరత్నం

“పాపకు చెవులు వినిపించడం లేదేమో.”

ఈ మాట నందిని మొదట భర్త రూపేష్‌తో అంది. తర్వాత అత్త రాఘవమ్మతో అంది. ఆ తర్వాత ఫోన్‌ను అడిగింది. అది పదిహేడు జబ్బుల పేర్లు చూపించి రెండు రోజులు అన్నం సయించకుండా చేసింది. ఇంటికి రోజూ వచ్చేపోయే వాళ్ళలో ఆమె ఈ మాట చెప్పకుండా దాచింది ఒక్క మునిరత్నం దగ్గరే. ఎందుకంటే ఎదుటివాళ్ళు ఏమంటే దానికి కాదనడమే మునిరత్నం పని. ఎండ కాస్తోందంటే మబ్బు పట్టేటట్టుందంటాడు. నిజంగానే మబ్బు పట్టిందే అంటే, ఇది నిలబడే మబ్బు కాదంటాడు.

మునిరత్నం రాఘవమ్మకు అన్న. పాకాల దగ్గర పల్లెలో పాలకేంద్రంలో ముప్పై ఏళ్ళు పాలు పరీక్షించి, రిటైరయ్యాక తిరుపతికి వచ్చి చెల్లెలి ఇంటి వెనక వీధిలోనే దిగాడు. రోజూ పొద్దున అలిపిరి దాకా నడిచి, అక్కడ టీ తాగి, తొమ్మిదింటికల్లా చెల్లెలి ఇంటికి వస్తాడు. ఆ పూటకు చెప్పవలసిన ఎదురుమాటలన్నీ చెప్పి, టిఫిన్ తిని వెళ్తాడు. నందిని ఆయన్ను పెద్దనాయనా అని పిలుస్తుంది. ఆయన రాకముందే ఇంట్లో వాదనలన్నీ ముగించుకోవాలని చూస్తుంది. ఇంతవరకూ ఒక్కరోజూ కుదరలేదు.

ఇంటికి ఇండక్షన్ స్టవ్ వచ్చిన రోజు సంగతే చూడండి. రూపేష్‌కు నచ్చింది, నందినికి నచ్చింది. రాఘవమ్మకు మాత్రం మంట కనపడని పొయ్యి అంటే నమ్మకం కుదరలేదు.

“దీని మింద వండిన కూడు కాకి గూడా తినదు,” అన్నాడు మునిరత్నం వచ్చీరాగానే.

నెల తిరిగేసరికి పాలు పొంగకుండా కాచే ఆ స్టవ్ రాఘవమ్మకు ప్రాణమైపోయింది. పాకాల నుంచి చుట్టాలొచ్చి, ఈ కరెంటు పొయ్యి ఏందని నవ్వారు. ఆమె ఒక్కతే దాన్ని వెనకేసుకొచ్చింది. మునిరత్నం అందుకున్నాడు. “గ్యాసు మింద సంగటి ఉండ కడతాది. దీని మింద కట్టదు. వంటంటే ఇదే.”

“పోయిన నెల కాకి తినదంటివే అన్నా?” అంది రాఘవమ్మ.

“కాక్కి గూడా అలవాటు కావాల గదమే.”

చెల్లెలి పక్షం కాబోలు అనుకుంది నందిని. ఆ అనుమానం ఊరిబిండి పచ్చడితో తీరిపోయింది. నందిని మొదటిసారి సొంతంగా వేరుశనగల ఊరిబిండి నూరింది. మిరపకాయలు లెక్కపెట్టే వేసింది కానీ అవి ఏ రకమో చూసుకోలేదు. మొదటి ముద్దకే రూపేష్ నీళ్ళ చెంబు ఎత్తాడు. రాఘవమ్మ దగ్గి దగ్గి గోడ పట్టుకుంది. నందిని మాత్రం సరిగ్గానే ఉందని పట్టుబట్టి, నమిలీ నమలకుండా మింగుతోంది. మునిరత్నం కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుతుండగా తువ్వాలుతో తుడుచుకున్నాడు.

“కారం సాల్లేదు,” అన్నాడు. మాట బయటికి రావడానికి రెండుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. “ఇంగ రెండు కాయలు పడాల్సిండె.”

అలిపిరి టీకొట్టు దగ్గర ఆయన రాజకీయం ఇంకో తీరు. అక్కడ పదిమంది ఒక పార్టీని పొగిడితే ఆయన రెండో పార్టీ. మర్నాడు ఆ పదిమందే మాట మారిస్తే ఆయన మొదటి పార్టీ. టీకొట్టు మునిశేఖర్ ఒకరోజు రూపేష్‌ను పక్కకు పిలిచి అడిగాడు. “మీ మామ ఏ పార్టీ అప్పా? రెండు పార్టీలోళ్ళూ ఆయన అవతలోడని నాకు రహస్యంగా చెప్పినారు.” ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగారు కానీ వీళ్ళ గేటు ముందు మాత్రం ఎవరూ ఆగలేదు.

అన్నిటికంటే పెద్దది గూడూరు పెళ్ళి ప్రయాణం. ఊరు ఇంకా కొంత దూరముందనగా, ఫోన్లో దారి చెప్పే ఆడగొంతు కుడివైపు మట్టిబాట పట్టమంది. బోర్డు నేరుగా పొమ్మంటోంది. రూపేష్ నేరుగా అన్నాడు. రాఘవమ్మ నేరుగానే అంది. వెనక సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకున్న నందిని కూడా అదే అంది.

ముందు సీట్లోంచి మునిరత్నం చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ యమ్మి పాపం ఒక్కతే చెప్తా ఉండాది. మీరు ముగ్గురూ ఆ యమ్మి మింద పడితిరి. కుడికి తిప్పు రూపేషూ.”

మేనమామ మాట కాదనలేక రూపేష్ తిప్పాడు. బాట సన్నబడింది. తర్వాత గట్టయింది. ఆ తర్వాత అసలు లేకుండా పోయింది. కారు ఒక నిమ్మతోట నడిమధ్యన ఆగింది. ఫోన్ మాత్రం గమ్యం చేరుకున్నారని చెప్పింది. తోట యజమాని మంచివాడు. దారి చూపించి రెండు సంచుల కాయలు కూడా పెట్టాడు. వీళ్ళు చేరేసరికి పెళ్ళివాళ్ళు విస్తరాకులు ఎత్తుతున్నారు.

నందిని మైక్రోబయాలజీ చదివింది. అర్థంకాని జీవి కనబడితే పట్టిక గీయడం ఆమె అలవాటు. మునిరత్నానికి ఒక పట్టిక గీసింది. తేదీ, విషయం, ఆయన అన్నది. వారాన్ని బట్టి మారుతుందేమో చూసింది. ఆయన షుగర్‌ను బట్టి మారుతుందేమో కూడా చూసింది. చివరికి అడుగున ఎర్ర సిరాతో తేల్చి రాసింది: చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళకు ఎదురు.

పాపకు పెట్టిన పేరు ప్రశాంతి. పేరుకు తగ్గట్టే ఇరవై నెలలు నిండినా “మ్మ” తప్ప మాట లేదు. వెనక నుంచి పిలిస్తే తిరగదు. చెవుల పరీక్షకు నందిని ఎలాగో సోమవారం పదింటికి సమయం సంపాదించింది. ఆదివారం మధ్యాహ్నంలోగా వస్తామని చెప్పాలి. చెప్పకపోతే మళ్ళీ నెల తర్వాతే. ఆ ఆదివారం పాకాల నుంచి రాఘవమ్మ పెద్దమ్మ కూతురు ఆదిలక్ష్మమ్మ కూడా వచ్చి ఉంది. అందరూ హాల్లో ఉడకబెట్టిన శెనక్కాయలు ముందు పోసుకుని కూర్చున్నారు.

“రూపేషు మూడేండ్లకు గదా మాట్లాడింది,” అంది రాఘవమ్మ. “ఇప్పుడు సూడు, నోరు మూయమన్నా మూయడు.”

“వస పోసినారా?” అంది ఆదిలక్ష్మమ్మ. “మా ఇంట్లో పిలకాయలందురికీ అదే. పరీక్షలెందుకు?”

“వినిపించకపోతే బిస్కెట్ కవరు చప్పుడుకు ఎట్ల వస్తాది?” అన్నాడు రూపేష్.

“చప్పుడుకు కాదు, మీ చెయ్యి చూసి వస్తుంది,” అంది నందిని. “నేను వెనక నిలబడి ఇరవై రెండుసార్లు గిన్నె కొట్టి చూశాను. నాలుగుసార్లే తిరిగింది.”

రాఘవమ్మ శెనక్కాయ వలవడం ఆపింది. “ఆ పొద్దు గిన్నెలు అంత కొట్టింది అందుకా? నా మింద కోపమేమో అనుకుంటి నేను.”

అప్పుడే గేటు చప్పుడైంది. ఆదివారం కావడంతో టీకొట్టు దగ్గర వాదన సాగి ఆలస్యంగా వచ్చిన మునిరత్నం చెప్పులు విడుస్తున్నాడు. నందిని ఎర్ర సిరా సూత్రం గుర్తు తెచ్చుకుంది. ఆయన లోపలికి అడుగుపెట్టగానే, గొంతు సవరించుకుని అంది.

“పాపకు చెవుల పరీక్ష చేయించాలా అని మాట్లాడుకుంటున్నాం పెద్దనాయనా. నేనైతే అక్కర్లేదంటాను.”

రూపేష్ నోట్లో శెనక్కాయ అట్లాగే ఉండిపోయింది. మునిరత్నం నిలబడే ఒక్కొక్కరి వైపూ చూశాడు.

“రూపేషూ, నువ్వు?”

“అక్కర్లేదు మామా.”

“రాఘవా?”

“వొద్దు లేన్నా.”

“ఆదిలక్ష్మమ్మా?”

“వస సాలు.”

“అట్లయితే సరే,” అన్నాడు మునిరత్నం. కూర్చుని గుప్పెడు శెనక్కాయలు తీసుకున్నాడు.

‘సరే’ అనే మాట ఆయన నోట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. రాఘవమ్మ లేచి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “జొరమేమన్నా వచ్చిందా అన్నా?”

నందినికి ఏడుపొచ్చింది. ఆరు నెలల పట్టిక, ఒక్క ప్రయోగానికే పోయింది. గడియారం పన్నెండు కావస్తోంది.

“సరే అంటారేంటి పెద్దనాయనా? మీరు కాదనాలి గదా.”

“ఎందుకమ్మా కాదనాల? అందురూ ఒకే మాట మింద ఉండారే.”

“నేను లేను. అబద్ధం చెప్పాను. నాకు పరీక్ష కావాలి. రేపు పదింటికే కావాలి.”

“అంటే నువ్వొక్కదానివేనా?”

“నేనొక్కదాన్నే.”

మునిరత్నం చేతిలో ఉన్న శెనక్కాయలు మళ్ళీ కుప్పలో వేసేశాడు. పంచె మీది పొట్టు దులుపుకుని లేచి, వచ్చి నందిని కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“ఆ మాట ముందే చెప్పాల గదమ్మా. రూపేషూ, ఫోను తియ్యి. రేపు వస్తామని చెప్పు.”

“మామా, ఇప్పుడే గదా సరే అంటివి?”

“అప్పుడు ఈ బిడ్డ మీ తట్టుండె. ఇప్పుడు ఒక్కటే ఉండాది.”

“ఏమీ లేదంటే?”

“ఏమీ లేదని తెలుస్తాది. ఒక పూట పోతాది, అంతే గదా. నిమ్మకాయల కోసరం గూడూరు దాకా పోయొస్తిమి. బిడ్డ చెవుల కోసరం పోలేమా?”

రూపేష్‌ ఫోన్ తీశాడు.

మర్నాడు ఆసుపత్రికి మునిరత్నం కూడా వచ్చాడు. పరీక్ష అయింది. కాగితాలు డాక్టర్ దగ్గరికి వెళ్ళాయి. వరండాలో బెంచీ మీద పాప ఆయన తువ్వాలు నములుతోంది. నందినికి ఏదో ఒకటి మాట్లాడకపోతే కుదరదనిపించి అడిగింది.

“మీరెప్పుడూ ఒంటరిగా ఉన్నవాళ్ళ వైపే ఎందుకుంటారు పెద్దనాయనా?”

“కనుక్కుంటివా,” అన్నాడాయన, దొంగతనం బయటపడ్డట్టు. పాప నోట్లోంచి తువ్వాలు లాగాడు.

“మా పాలకేంద్రానికి నాగులమ్మ అని ఒకామె పాలు పోసేది. ఆమె ఇల్లు కేంద్రం పక్కనే. నేను లాక్టోమీటర్ ఎప్పుడు పెట్టినా ఆమె పాలల్లో మునిగేది. నీళ్ళు కలుపుతాండాదని అందురూ అన్నారు. నేనూ అంటి. ఆమె ఒక్కతే లేదనింది. అడ్డం తిరిగి అడిగినోడు లేడు. నెలన్నర సూసి ఆవుల్నమ్మేసి పుత్తూరుకు కూతురింటికి ఎళ్ళిపోయింది.”

“కలపలేదా?”

“నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. మిగతావాళ్ళు మైలు దూరం నడిచొచ్చేతలికి పాలు చల్లారేవి. ఆమె పిండినవి పిండినట్టే తెచ్చేది.”

“వేడి పాలు పల్చగా ఉంటాయి,” అంది నందిని మెల్లగా. “మీటర్ ఎక్కువ మునుగుతుంది.”

“రెండేండ్ల తర్వాత ట్రైనింగులో చెప్పినారు నాకు. పుత్తూరుకు పోయి క్షమించమంటి. ఏమీ అనలేదు. కూచోమని మజ్జిగిచ్చింది. జన్మలో అంత పల్చటి మజ్జిగ తాగలేదమ్మా. కావాలనే పోసింది నీళ్ళు. నేను కిక్కురుమనలేదు. ఇంగో లోటా గూడా అడిగి తాగితి.”

నందిని పకపకా నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే లోపలికి పిలిచారు.

పాప రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. చెవులు నీళ్ళలో ముంచుకుని వింటే ఎట్లా ఉంటుందో పాపకు లోకం అట్లా వినిపిస్తోందని, దీనికి వైద్యం ఉందని, అయితే ఇంకా ఆలస్యం చేయకూడదని డాక్టర్ చెప్పారు. కొన్నాళ్ళు చూసి, తగ్గకపోయేసరికి ఆ నీరు పోయేలా చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టారు. ఆ తర్వాత రెండు నెలలకు ఒకరోజు తొమ్మిదింటికి మునిరత్నం గడపలో నిలబడి పాపను ముద్దుకు పిలిచాడు. పాప తలెత్తి, స్పష్టంగా, ఇంటిల్లిపాదికీ వినపడేలా అంది. “తాతా, పో.”

ఆయన ఆ పూట టిఫిన్ కూడా తినలేదు. తన మనవరాలు తనను ఎంత చక్కగా పొమ్మన్నదో చెప్పడానికి మళ్ళీ అలిపిరి దాకా నడిచి వెళ్ళాడు.

తిరిగొచ్చాక నందిని ఆయనకు పట్టిక చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

“ఇందులో మీ సొంత అభిప్రాయం ఏది పెద్దనాయనా?”

“ఉండాది. ఎవురూ ఒంటిగా లేనప్పుడు చెప్పాలని పెట్టుకోనుండా. ఇంగా ఆ పొద్దు రాలేదు.” కళ్ళజోడు తీసి మడిచాడు. “ఒంటి మాట సరైందని కాదమ్మా. పదిట్లో తొమ్మిది తప్పే. అయితే నలుగురు మీద పడితే ఆ మాటన్న మనిషి సగంలోనే ఆపేస్తాది. పక్కన ఒకరుంటే పూర్తిగా చెప్తాది. పూర్తిగా వింటేనే గదా తప్పో ఒప్పో తెలిసేది. నా మాదిరిగా వాదించాల్సిన పనిగూడా లేదు నీకు. పోయి పక్కన కూచో. ‘ఊఁ, ఆపైన?’ అను. సాలు.”

పోయిన నెల రూపేష్ ఇల్లు ఊడ్చే యంత్రం కొన్నాడు. పళ్ళెం లాంటి ఆ యంత్రం తనంతట తనే తిరుగుతుంటే అందరూ మెచ్చుకున్నారు. మూడోరోజు రాఘవమ్మ ప్రకటించింది.

“అది నన్నే చూస్తాండాది.”

రూపేష్ విరగబడి నవ్వాడు. నందినికి కూడా నవ్వు గొంతు దాకా వచ్చింది. యంత్రానికి కళ్ళు లేవని చెప్పబోయి, మానుకుంది. వెళ్ళి అత్త మంచం మీద పక్కనే కూర్చుంది.

“ఊఁ, ఆపైన అత్తా?”

రాఘవమ్మ చెప్పింది. తను మధ్యాహ్నం నడుం వాల్చగానే అది వచ్చి మంచం దగ్గర ఆగుతుంది. ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది, ఎర్ర దీపం వెలిగించి ఏడుస్తుంది. నందిని వంగి, కిందికి వేలాడుతున్న దుప్పటి ఎత్తి చూసింది. దాని ఛార్జింగ్ స్టాండు మంచం కిందే ఉంది. పాపం, రెండు రోజులుగా మధ్యాహ్నం పూట దుప్పటి అడ్డమై ఇంటికి పోలేక తిరుగుతోంది.

“సూసినావా, నేను చెప్పలా?” అంది రాఘవమ్మ కొడుకుతో. ఆపైన, అడగకుండానే, మిక్సీ గురించీ ఫోన్ల గురించీ మూడు పూటలకు సరిపడా చెప్పింది. రూపేష్ యంత్రం తాలూకు చిన్న పుస్తకం పట్టుకుని ఒక మూలన ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

తొమ్మిదింటికి మునిరత్నం వచ్చాడు. మంచం మీద అత్తాకోడళ్ళు ఒక జట్టుగా కనబడ్డారు. నందినిని చూసి తల ఊపాడు. తర్వాత మూలకు వెళ్ళి, రూపేష్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

“ఊఁ, ఆపైన?”