దుత్తలూరు అవ్వ ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో అంటే తాతల కాలం అనుకునేరు, మొన్నమొన్నటి మాటే. కాకపోతే మొదటి ఉద్యోగంలో ఉన్నప్పుడు, అది పోతుందేమోనన్న దిగులు కూడా కొత్తగా ఉంటుంది. ఆత్మకూరులో మా మేనమామ ఫ్యాక్టరీలకు మనుషులను కుదిర్చే ఆఫీసు పెట్టి, ఫోన్లు చేసి వివరాలు అడిగే పని నాకిచ్చారు. (మా అమ్మ పోరు పడలేక ఇచ్చారని గిట్టనివాళ్లు అంటారు. నిజమే.) నేను కుర్చీలో కుదురుకునేలోపే ఆయన ఏఐని తెచ్చారు. తెలుగులో అదే ఫోన్ చేస్తుంది, అదే ప్రశ్నలడుగుతుంది, అదే మార్కులు వేస్తుంది. "ఈ బ్యాచ్‌ని ఇది బాగా ఎంచిందంటే ఇంక నీకు శ్రమ ఉండదులేమ్మా" అన్నారు మామ. ఆ శ్రమకే నాకు జీతమిస్తున్న సంగతి ఆయన మరచిపోయినట్టున్నారు. ఆ ఆదివారం చర్చిలో అందరూ వానల కోసం ప్రార్థిస్తుంటే, నేను కళ్లు గట్టిగా మూసుకుని ఏఐ చెడిపోవాలని వేడుకున్నాను.

చెడిపోలేదు సరికదా, చకచకా ఫోన్లు చేసి, గోడౌన్ సూపర్‌వైజరు పనికి దుత్తలూరు వైపు కుర్రాడిని అందరికంటే పైన నిలబెట్టింది. మనుషులను అదుపులో పెట్టగలడట, రాత్రి డ్యూటీ అలవాటేనట, ఓర్పు మెండట. మామ మురిసిపోయి కంపెనీ మేనేజరును పిలిపించారు. కుర్రాడు ఉదయగిరి బస్సు దిగి వాళ్ల అవ్వతో సహా వచ్చాడు. మేనేజరు ఏమడిగినా వాడు తన చెప్పులకేసి చూస్తున్నాడు, జవాబులన్నీ అవ్వే టకటకా చెబుతోంది. అనుమానం వచ్చి నేను ఫోన్ రికార్డింగు పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా అవ్వ గొంతే. మా పల్లెల్లో ఫోన్ ఎవరిదైనా, మోగినప్పుడు దగ్గరున్నవాళ్లు ఎత్తుతారు, ఎత్తినవాళ్లే మాట్లాడతారు. ఆవిడ అదుపులో పెట్టింది కోడళ్లను, రాత్రి డ్యూటీ చేసింది గొర్రెల దొడ్డి దగ్గర.

మామ ముఖం మాడిపోయింది. నాకు మాత్రం లోపల పండగే. మేనేజరు మంచివాడు, పకపకా నవ్వి, కుర్రాడిని హెల్పరుగా తీసుకుంటానన్నాడు. అప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనామ్మా? ఎంత మర్యాదగా మాట్లాడినావు. అన్నం తిన్నావా అని అడిగితే మాత్రం జవాబే చెప్పలా. ఈ బిడ్డ తిన్నట్టు లేదే అనుకొని సంగటి తెచ్చినాను."

నేను కాదనబోయి, మామ వైపు చూసి, గోంగూరతో సహా తినేశాను. సాయంత్రానికి మామ తీర్పు చెప్పారు. ఏఐ ఉంటుంది, నేనూ ఉంటాను. ముందు నేను ఫోన్ చేసి, ఎత్తినదెవరో తేల్చుకుని, అసలు మనిషి చేతికి ఇప్పించాలి. ఆ తర్వాతే అది అడగాలి.

ఇప్పుడు ఆ పనీ అదే చేసుకుంటోంది, నేను దాని తప్పొప్పులు చూస్తున్నాను. ఎప్పుడైనా రికార్డింగులో ఏ పెద్దావిడో "తిన్నావా తల్లీ" అంటుంది, అది గబుక్కున తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. అప్పుడు నాలోని ఆనాటి పిల్ల గుర్తొచ్చి ముద్దొస్తుంది. తన నోటిదగ్గరి కూడు ఏఐ లాగేసుకుంటుందని ఎంత భయపడిందో పాపం. తీరా దాని కూడు కూర్చుని తిన్నది తనే.